తిట్లపాట భద్రమ్మది

ధర్మసాగర్‌లో ఎవరింట పెళ్లి ఖాయమైనా, వంటవాళ్లకు బయానా ఇవ్వకముందే భద్రమ్మకు కబురు చేరేది. “అక్కా, ఆ దినం యాడికీ పోకు. మగపిల్లగానోళ్లు మస్తు నోరున్నోళ్లట,” అని ఎవరో ఒకరు వచ్చి బొట్టు పెట్టి చెప్పి వెళ్లేవారు. భద్రమ్మ వెంటనే ఒప్పుకునేది కాదు. “నాకేడ తీరుతదే, మిర్చి సీజనాయె,” అనేది. బతిమాలించుకునేది. బతిమాలడం ఇంకాస్త సాగాలని చెంగుతో తీరిగ్గా మొహం తుడుచుకునేది. వచ్చినవాళ్లు లేచి గడప దాటబోతుంటే మాత్రం, “పిల్లగాని తల్లి పేరేందన్నవ్?” అని అడిగేది. అంటే వస్తున్నట్టే.

ఆమెను పిలిచేది తిట్టడానికి. మగపెళ్లివాళ్లు బంతిలో కూర్చోగానే ఆడపెళ్లివాళ్ల ఆడవాళ్లు వెనక చేరి తిట్లపాట ఎత్తుకుంటారు. వియ్యపురాలి నడక, నగలు, పుట్టిల్లు, ఎక్కి వచ్చిన బండి, ఊరు, దేన్నీ వదలరు. ఆవిడ ముద్ద మింగుతూ వింటుంది. చెయ్యి కడుక్కునేలోగా జవాబు పాడుతుంది. ఎవరి పాటకు బంతి ఎక్కువ నవ్వితే వాళ్లది గెలుపు. అంతా అయ్యాక, తిట్టినామే లడ్డూ తీసి వియ్యపురాలి నోట్లో పెట్టాలి. అది మింగిందంటే ఆ మాటలు అక్కడితో సరి. పందిరి దాటాక ఎవరూ ఎత్తరు. ఎదురుగా కూర్చుని లేని మనిషి మీద అసలు పాడరు. ఇవన్నీ భద్రమ్మకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. తల్లి కొంగు పట్టుకుని పెళ్లిళ్లకు తిరిగిన వయసు నుంచీ చూసింది, అంతే.

పెళ్లిళ్లు లేని రోజుల్లో ఆమె ఎనుమాముల మార్కెట్టు దగ్గర ఒక కోల్డ్‌స్టోరేజీ షెడ్డులో మిర్చికి తొడిమలు తీసేది. చలికాలం చివర మొదలయ్యే ఆ పని ఎండలు ముదిరేదాకా ఉంటుంది. షెడ్డులో ఎర్రటి దుమ్ము లేస్తుంటే ఆడవాళ్లందరూ ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చుంటారు. భద్రమ్మ కట్టుకునేది కాదు. గుడ్డ కడితే పాడటం కుదరదు. ఆమె గొంతు గరుకుగా ఉండటానికి కారణం అదేనని అందరూ అంటారు. ఆ గరుకుతోనే తిట్టు తగిలేదని కూడా అంటారు.

ఆమె తోటికోడలు శ్రీలత గొంతుకు ఏ గరుకూ లేదు. భద్రమ్మ భర్త ఉప్పలయ్య తమ్ముడి భార్య ఆమె. హనుమకొండలో శ్యాంసుందర్ సేటు బట్టల దుకాణంలో చీరలకు ఫాల్స్ కుడుతుంది. పొద్దున్నే తల దువ్వుకుని, జడకు క్లిప్పు పెట్టుకుని, ఫోను చేతిలో పట్టుకుని బస్సెక్కుతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో భద్రమ్మ వెనక నిలబడి వంతపాడేది. ఆ మొదటి రోజే భద్రమ్మ చెవి ఒక సంగతి పసిగట్టింది: ఈ పిల్ల పలుకు పందిరి ఆ చివరిదాకా తేలుతూ పోతుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. “పాడుతది గని, పస లేదు,” అంది. అప్పటి నుంచి శ్రీలతను రెండో వరుసలోనే నిలబెట్టింది.

మాఘమాసంలో ఊళ్లో లావణ్య అనే పిల్ల పెళ్లి వచ్చింది. మగపెళ్లివాళ్లది ములుగు వైపు. అడవి అంచున ఊరు, జీపుల్లో దిగారు. వియ్యపురాలు కట్టమ్మ నిండు మనిషి, నవ్వితే పందిరి గుంజలు కదిలేట్టు నవ్వుతుంది. భద్రమ్మ ఆమెను చూడగానే ఇది సరైన జోడీ అనుకుంది. కానీ వారం రోజులుగా ఘాటెక్కువైన తేజా మిర్చి ఒలిచి ఒలిచి గొంతు పూర్తిగా పూడుకుపోయింది. నోరు తెరిస్తే ఈల తప్ప మాట రాలేదు.

“ఇగ నువ్వే ఎత్తుకో,” అని శ్రీలతను ముందుకు నెట్టింది. తాను వెనక నిలబడి, కట్టమ్మను చూస్తూ, అప్పటికప్పుడు మాట కట్టి శ్రీలత చెవిలో ఊదింది. శ్రీలత పాడింది.

*ములుగు వియ్యపురాలొచ్చె సూడరే ఓ వదినె,*
*కోతులతో కొట్లాడి జీపెక్కెనే ఓ వదినె.*
*చెట్టు దిగి వచ్చినోళ్లకు పీటెందుకే ఓ వదినె,*
*ఆకులల్ల తినెటోళ్లకు ప్లేటెందుకే ఓ వదినె.*

బంతి గొల్లుమంది. కట్టమ్మ పొలమారి నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, ప్లేటు ముందు నుంచి లేవకుండానే అందుకుంది.

*ధర్మసాగరమంత వోసి సారు కాసిరే ఓ వదినె,*
*మునిగి ముక్క ఎతికి ఎతికి ఊపిరాగెనే ఓ వదినె.*

ఊరి చెరువునే చారుగా కాచారన్న ఆ మాటకు ఈసారి బంతే కాదు, వడ్డించేవాళ్లు కూడా గరిటెలు పట్టుకుని వంగి నవ్వారు. ఆడపిల్ల తండ్రి కూడా నవ్వాడు. భద్రమ్మకు నవ్వు రాలేదు. శ్రీలత లడ్డూ తీసి కట్టమ్మ నోట్లో పెట్టింది. కట్టమ్మ సగం కొరికి మిగతా సగం శ్రీలతకే తినిపించి, “నీ నోరు బంగారంగాను, ఎవల బిడ్డవే నువ్వు!” అని బుగ్గ నిమిరింది. వెనక నిలబడిన మనిషి వైపు చూడలేదు.

పెళ్లికూతురి తమ్ముడు అనిల్ ఇదంతా ఫోనులో పట్టాడు. “పెద్దమ్మా, అంతా పెట్టాల్నా?” అని వచ్చి అడిగాడు. భద్రమ్మ ఈలగొంతుతోనే, “మనదే పెట్టు. వాళ్లదెందుకు?” అంది. కట్టమ్మ జవాబుకు లేచిన నవ్వు ఆమె చెవుల్లో ఇంకా గింగిరాలు తిరుగుతోంది. అనిల్ జవాబు కత్తిరించాడు. లడ్డూ తినిపించుకోవడం దానితోపాటే పోయింది. ‘మా శ్రీలతక్క పాట, దుమ్ము దుమ్ము’ అని పేరు పెట్టి వదిలాడు.

ఆ తర్వాత భద్రమ్మకు మనశ్శాంతి లేదు.

బస్సులో పక్క సీటు పిల్ల ఫోనులో ఆ పాటే. ఎనుమాముల గేటు దగ్గర చాయ్ బండి మీద ఆ పాటే. లక్షలమంది చూశారని షెడ్డులో అంటుంటే, లక్షంటే ఎంతో ఆమె ఊహకు అందలేదు. అందరూ శ్రీలతనే చూశారన్నది మాత్రం అందింది. హనుమకొండ దుకాణానికి వచ్చినవాళ్లు ఫాల్స్ కుట్టే శ్రీలతను బయటికి పిలిపించి సెల్ఫీలు దిగుతున్నారట. శ్యాంసుందర్ సేటు ఆమెకు షాపులోంచి ఒక చీర తీసిచ్చి, అది కట్టుకుని కౌంటరు దగ్గర కూర్చోమన్నాడట. శ్రీలత ఆ చీర కట్టుకునే ఇంటికి వచ్చింది. నెమలికంఠం రంగు. భద్రమ్మ చూసి, “రంగు దిగుతది సూడు,” అంది.

ఒకరోజు పొద్దున ఉప్పలయ్య బావి దగ్గర స్నానం చేస్తూ కూనిరాగం తీశాడు. ఏమిటా అని చెవి ఒగ్గితే, ‘పీటెందుకే ఓ వదినె’.

“ఆ మాటలెవలియి?” అంది భద్రమ్మ, చెంబు లాక్కుని.

“ఎవలియేంది? శ్రీలత పాడింది గద.”

“నేను చెప్తె పాడింది. చెవుల నోరు వెట్టి చెప్పిన.”

ఉప్పలయ్య తల మీద సబ్బు నురుగుతో నిలబడి కాసేపు ఆలోచించాడు. “మాటలదేమున్నదే, అందరం మాట్లాడెటియే గద. గొంతు గావాలె గని,” అన్నాడు. మంచి మనిషే. భార్యను నొప్పించాలని అన్నది కాదు. అందుకే అది ఎక్కువ నొప్పించింది. ఆ పూట అతనికి నీళ్లు తోడి పోయకుండానే ఆమె పనికి వెళ్లిపోయింది.

మిర్చి కుప్ప ముందు కూర్చుని కూడా అదే ధ్యాస. ఇంతకాలం ఎన్ని పెళ్లిళ్లలో పాడింది! ఏ ఒక్క పాటకూ ‘ఇది భద్రమ్మది’ అని ఎవరూ పేరు పెట్టలేదు. పెట్టాలని ఆమెకూ తోచలేదు. ఇప్పుడు ఒక పాటకు పేరంటూ పడింది, అదీ పక్కదాని పేరు. తొడిమ తుంచినప్పుడల్లా శ్రీలత జడక్లిప్పు పీకినట్టు తుంచింది.

ఇంతలో పాట కొత్త దారి పట్టింది. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు దాన్ని తీసుకుని, ములుగు బస్టాండులో బస్సు కోసం నిలబడిన జనం బొమ్మల పక్కన కోతుల బొమ్మలు చేర్చి, ‘అడవి మనుషులు ఊరి మీద పడ్డారు’ అని రాసి వదిలారు. కింద జనం ఇంకా ఘోరమైనవి రాశారు. అది భద్రమ్మకు ఎవరూ చూపించలేదు. ఆమె ఫోను మీటలది.

కొద్దిరోజులకు ఠాణా నుంచి శ్రీలతకు ఫోను వచ్చింది. అడవి ఊళ్లవాళ్లను కించపరిచిందని ఒకరు ఫిర్యాదు ఇచ్చారు, వచ్చి మాట్లాడి వెళ్లమన్నారు. శ్రీలత మంచం మీద కూలబడి ఏడ్చింది. భద్రమ్మ వెళ్లి పక్కన కూర్చుని వీపు నిమిరింది, నీళ్లిచ్చింది. లోపల మాత్రం ఎండాకాలం చల్లకుండ మూత తీసినట్టు హాయిగా ఉంది. ‘పాడు, ఇంకా పాడు. సీర కట్టుకోని కౌంటర్ల కూసో,’ అనుకుంది.

ఆ హాయి మర్నాటి వరకే ఉంది. షెడ్డులో ఒకామె పేపరు ముక్క పట్టుకొచ్చింది. ‘గాయని శ్రీలతపై ఫిర్యాదు’ అని ఉంది. పెళ్లిలో పట్టిన ఫొటో కూడా వేశారు. ఫొటోలో శ్రీలత వెనక ఒక మోచెయ్యి కనిపిస్తోంది. అది భద్రమ్మది.

“గాయని అని రాసిండ్రు సూడు!” అంది ఆ పేపరు తెచ్చినామె. “ఒక్క పాటకు పోలీసోళ్లే కదిలిండ్రంటె మీ తోటికోడలు మామూలు మనిషి గాదక్కా.”

భద్రమ్మ నోటిదాకా వచ్చిన మాటను మింగి, దగ్గింది. నెపం మిర్చి మీద పోయింది.

పిలిచిన రోజున ఇంటి పెద్దకోడలిగా శ్రీలత వెంట ఆమే బయల్దేరింది. దారిలో దుకాణం దగ్గర ఆగారు. శ్యాంసుందర్ సేటు కళ్లజోడు పైకి నెట్టి ఇద్దరికీ ధైర్యం చెప్పాడు. “ఫికర్ జెయ్యకుండ్రి. ఇది డెమోక్రసీ. నోరున్నదే మాట్లాడెటందుకు. పెండ్లి పాటకు కేసంటె, రేపు చాయ్ హోటల్ల జోక్ గూడ జెయ్యరాదు. ఆ మాట ఎస్సైకి మొకం మీదనే చెప్పుండ్రి.” చెప్పింది బాగానే ఉంది. అయితే పోయిన దసరాకు తన షాపు చీర రంగు దిగిందని ఒకావిడ వీడియో పెడితే, ఆమె మీద కేసు వేస్తానని వీధి వీధంతా వినేలా ఊగిపోయిన మనిషీ ఆయనే. శ్రీలతకు అది గుర్తొచ్చి తల వంచుకుంది. భద్రమ్మ ఆ ముందురోజే మిఠాయి దుకాణంలో కొన్న లడ్డూల పొట్లాన్ని చంకలో సర్దుకుంది. దానితో ఏం చెయ్యాలో ఆమెకు స్పష్టంగా తెలుసు. తిట్టు తగిలిందని ఒక మనిషి అంటే ఆ మనిషి నోట్లో లడ్డూ పెట్టాలి. మింగితే అయిపోతుంది. పోలీసులకు ఈ సంగతి తెలియక ఇంతదాకా లాగారని ఆమె నమ్మకం.

ఎస్సై రాంచందర్ పెద్దగా అరిచే మనిషి కాదు. కుర్చీలు చూపించాడు. గోడ పక్క కుర్చీలో ఒక పిల్ల కూర్చుని ఉంది. సన్నగా, మెడలో కాలేజీ కార్డుతో, ఒడిలో బ్యాగు గట్టిగా పట్టుకుని ఉంది. ఆమే ఫిర్యాదు ఇచ్చింది. పేరు కావ్య. ములుగు అవతల ఒక అడవి ఊరు, హనుమకొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది.

“ఎవలనన్న తిట్టుడు వేరు,” అన్నాడు ఎస్సై శ్రీలతతో. “పుట్టిన జాగా, భాష, కులం, మతం పేరు మీద ఒక గుంపుకు ఇంకో గుంపు మీద పగ పుట్టేటట్టు చేసుడు వేరు. దానికి మూడేండ్ల దాక జైలున్నది. మీరు చేసింది అదా కాదా అని ఇప్పుడే నేను చెప్తలేను. ముందుగాల అడుగుతాన. నోరు మూయించుడు నా పని గాదు. ఈ పాట కట్టిందెవలు?”

శ్రీలత చీర కుచ్చిళ్లు చూసుకుంటూ, “నేనే సార్,” అంది. ఒక్క క్షణం ఆగి, తల ఎత్తి, “నా సొంతం,” అని కూడా అంది.

భద్రమ్మకు ఒళ్లంతా తేజా మిర్చి రాసినట్టయింది. చీరకు ఊరుకుంది. సెల్ఫీలకు ఊరుకుంది. పేపర్లో గాయని అంటే ఊరుకుంది. కానీ ఠాణాలో, సర్కారు మనిషి ముందు, రాతపూర్వకంగా తన పాటను ఇంకొకరి పేరున ఎక్కిస్తుంటే కూర్చోవడం ఆమె వల్ల కాలేదు.

“అబద్ధం సార్!” అని లేచి నిలబడింది. “పాట నాది. మొదటి మాట కాడికెల్లి ఆఖరి మాట దాక నాది. దీనికి పాడుడొచ్చు, కట్టుడు రాదు. కావాల్నంటె ఇప్పుడే ఒకటి కట్టుమనుండ్రి, సూద్దాం!”

శ్రీలత ఆమె చీర అంచు పట్టి గట్టిగా లాగింది. “అక్కా, కూసో! నీకు దండం వెడ్త, కూసో!”

“ఎందుకు కూసుంట? నా పాట నీదంటివి!”

ఎస్సై ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. “ఇగో పెద్దమ్మా, జర సమజ్ చేస్కొని మాట్లాడు. ఇది బహుమతి ఇచ్చెటందుకు అడుగుతలేను.”

“ఎర్కనే సార్. రాస్కోండ్రి. భద్రమ్మ, ఉప్పలయ్య పెండ్లాం, ధర్మసాగర్. మిర్చి తొడిమలు తీస్త.”

“ఏమని రాయాలె?”

“పాట కట్టింది భద్రమ్మ అని.”

ఆయన రాశాడు. రాస్తుంటే ఆమె మెడ సాచి కలం వైపు చూసింది. చదవడం రాకపోయినా, తన పేరు ఎంత పొడుగుందో చూడాలనిపించింది. శ్రీలత చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

అప్పటిదాకా మాట్లాడని కావ్య గొంతు విప్పింది. “అయితే నువ్వేనా అత్తా?”

“నేనే బిడ్డా. నీకేమన్న తాకితె…” భద్రమ్మ పొట్లం విప్పి లడ్డూ తీసుకుని ఆ పిల్ల దగ్గరికి నడిచింది. “ఇగో, నోరు తెరువు.”

“ఏయ్, ఏయ్!” ఎస్సై కుర్చీలోంచి సగం లేచాడు. “ఫిర్యాదు ఇచ్చినామెకు నా ముంగటనే మిఠాయిలు తినిపియ్యవడితివి. మచ్చిక చేస్కుంటానవని నేనింకో కాగితం రాయాల్నా?”

“మచ్చికేంది సార్, తినిపియ్యాలె గద! తిట్టినోళ్లం తినిపియ్యకపోతె ఎట్ల?”

కావ్య మాత్రం నవ్వలేదు, కోపగించుకోనూ లేదు. “జవాబు పాడకముందే నోరు తీపి చేస్తవా అత్తా? మా దిక్కు అట్ల లేదు,” అంది.

లడ్డూ పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగింది. “నీకీ సంగతెర్కేనా?”

“మా నాయనమ్మ పాడుతది. నాకెందుకెర్కుండది?” కావ్య బ్యాగు పట్టీ వేలికి చుట్టుకుంటూ చెప్పుకుపోయింది. “మా హాస్టల్ మెస్సుల నేను ప్లేటు పట్టుకోని పోతె, ఎన్కకెల్లి పాడుతాండ్రు. ‘ఆకులల్ల తినెటోళ్లకు ప్లేటెందుకే’ అని. మొదటి దినం నేను గూడ నవ్విన. రెండో దినం ఒకామె నిజంగనే మోదుగాకు తెచ్చి నా ముంగట వెట్టింది. ఫోన్ల మా బస్టాండు బొమ్మ, పక్కన కోతి. ఆ బొమ్మల మా మేనమామ నిలవడ్డడు. నేనిప్పుడు మెస్సుకు పోతలేను. బిస్కెట్లు తింటాన.”

“వాళ్ల మీదికి ఒకటి పాడకపోయినవా?”

“ఎవల మీద పాడాలె? పెండ్లిల నీకు ఎదురుంగ వియ్యపురాలు కూసుంటది. ఆమె పేరు నీకెర్క, నీ పేరు ఆమెకెర్క. నాకు ఎదురుంగ ఎవలున్నరు? పాడినోళ్లు పేరు చెప్పరు, మొకం చూపియ్యరు. వాళ్లు పాడుతలేరత్తా, ఇసురుతాండ్రు.”

భద్రమ్మకు మొదట కలిగింది పశ్చాత్తాపం కాదు. నిజం చెప్పాలంటే, తన మాట ఒక కాలేజీ మెస్సుదాకా వెళ్లి అక్కడ అందరి నోటా ఆడుతోందన్న పొగరే ముందు తలెత్తింది. వెంటనే ఆ మోదుగాకు కళ్ల ముందు ఆడింది. అది ఆమె కట్టిన మాట కాదు. పాటలో ఆకు ఉంది, కానీ ఎవరి ముందూ ఆకు పెట్టమని ఆమె అనలేదు. అనలేదని ఈ పిల్లకు ఎలా చెప్పాలో తెలియలేదు. “వియ్యపురాలు జవాబు పాడినంక మనోళ్లు తినిపిచ్చిండ్రు బిడ్డా. అదంత ఉండె ఫోన్ల,” అంది నెమ్మదిగా.

“మరేది?” అన్నాడు ఎస్సై.

“నేనే వద్దన్న. ఆమె జవాబుకు మస్తు నవ్విండ్రని.”

శ్రీలత ముఖం ఆమె వైపు తిరిగింది. ఇది శ్రీలతకూ తెలియదు.

ఎస్సై కలం మూసి పెట్టాడు. పెళ్లి వీడియో వెంటనే తీసేయించమని చెప్పాడు. కోతి బొమ్మలు చేర్చినవాళ్లు ఎవరో పట్టుకోవడం మొదలైందని, పగ పుట్టించాలని చేసింది వాళ్లేనని తనకు అనిపిస్తోందని, అయినా తాను ఒక్కడే తేల్చేది కాదని అన్నాడు. “పిలిస్తె మళ్ల రావాలె పెద్దమ్మా. పేరు నువ్వే రాయిపిచ్చుకున్నవ్.”

“వస్త సార్. ఫోను దాని నంబరుకు చెయ్యకుండ్రి, నాదానికి చెయ్యుండ్రి,” అంది భద్రమ్మ.

గేటు బయట శ్రీలత చెట్టుకు ఆనుకుని నిలబడిపోయింది. “నిన్ను బచాయిద్దామనే నాదన్న అక్కా. నీకు షుగరున్నది, గొంతు మంచిగలేదు, జైలంటె నువ్వు తట్టుకోవని.”

“గంతేనా?”

శ్రీలత చెట్టు బెరడు గోటితో గీకింది. “జర గట్ల అనాలని గూడ అనిపిచ్చింది,” అంది చివరికి. “అందరు అంటాంటె, నాదేనేమో అనిపిస్తాంది.”

భద్రమ్మ లడ్డూ పొట్లంలోంచి ఒకటి తీసి తాను తింది. ఇంకొకటి శ్రీలతకు ఇవ్వలేదు. బస్సు వచ్చాక మాత్రం ఆమెకు కిటికీ సీటు ఇచ్చింది.

కావ్య ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. ఇంట్లో అందరూ ఆ పిల్ల పొగరు గురించి మాట్లాడుతుంటే భద్రమ్మ కలవలేదు. “అది మంచి పోరి,” అని ఒక్కసారి అంది. ఉప్పలయ్య ఆశ్చర్యపోయి, “నీ మీద కేసు వెట్టిన పోరా?” అన్నాడు. “నా మీద,” అని ఆమె ఒత్తి పలికింది. అందులో అతనికి అర్థం కానిది ఏదో ఉంది.

ఊళ్లో కథ మారలేదు. అది శ్రీలత పాటే. ఠాణాలో రాసింది ఠాణాలోనే ఉండిపోయింది. తర్వాతి పెళ్లికి వచ్చినవాళ్లు భద్రమ్మకు బొట్టు పెట్టి, “శ్రీలతను గూడ తోల్కరా అక్కా. అయితే ఊరి పేర్లు వద్దు, కేసులయితయి,” అన్నారు. ఊరి పేరు లేకుండా తిట్టడమంటే ఉప్పు లేకుండా వండటమే అనుకుంది భద్రమ్మ. రానని చెప్పింది. ఈసారి బతిమాలినా, పిల్లగాడి తల్లి పేరు అడగలేదు.

ఒక మధ్యాహ్నం షెడ్డులో అన్నాలు తిని మళ్లీ కుప్పల ముందు కూర్చుంటున్న వేళ, శ్రీలత ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని దగ్గుతూ లోపలికి వచ్చింది. దుకాణం మధ్యలో వదిలి వచ్చింది. ఆమె ముఖంలో ఏడుపో కోపమో తెలియడం లేదు. “ఇను,” అని ఫోను భద్రమ్మ చెవి దగ్గర పెట్టింది.

హాస్టల్ మెస్సు. పళ్లేల చప్పుడు. కావ్య ఒక బెంచీ పక్కన నిలబడి ఉంది. చుట్టూ ఆడపిల్లలు. చేతిలో ప్లేటు ఎత్తి పట్టుకుని, దాని మీదే వేళ్లతో దరువు వేస్తూ పాడుతోంది.

*ధర్మసాగర్ భద్రమ్మత్త నోరు సూడరే ఓ వదినె,*
*మిర్చి తొడిమలు తీసి తీసి మండుతాందే ఓ వదినె.*
*చెట్టు నీడ ఎరుగనోళ్లకు ఏమెరుకనే ఓ వదినె,*
*ఆకుల తిన్న బువ్వ రుచి ప్లేటుకొస్తదా ఓ వదినె.*

మెస్సులో పిల్లలు బెంచీలు చరిచి నవ్వారు. కావ్య ప్లేటు పట్టుకుని వెళ్లి అన్నం పెట్టించుకోవడంతో అది ఆగిపోయింది. అంతా మొదటి నుంచి చివరిదాకా, కత్తిరింపు లేకుండా ఉంది.

షెడ్డులో ఆడవాళ్లు చేతులు ఆపేశారు. తర్వాత ఒకామె కిసుక్కుమంది. ఆ వెనక అందరూ. “మిర్చి తొడిమలట! ఈ పోరికి ఎట్లెర్కనే నీ సంగతి?” “భద్రమ్మత్తట! అక్కా, నీ పేరు పట్నమంత పోయింది!” ఎవరో దగ్గూ నవ్వూ కలిసి నేల మీదికి ఒరిగారు.

“ఎంతమంది సూసిండ్రు?” అంది భద్రమ్మ.

“పొద్దటికే మస్తుమంది. అందరు భద్రమ్మెవలు, భద్రమ్మెవలు అని అడుగుతాండ్రు.” శ్రీలత మిర్చి బస్తా మీద కూలబడింది. ఆమె కంట్లో నీళ్లు మిర్చి ఘాటువే అని ఎవరైనా అనుకోవచ్చు. “నా పేరు ఒక్క కాడన్న ఉన్నదా అక్కా? నన్ను ఒక్క మాట గూడ అనలే. పాడింది నేనాయె.”

భద్రమ్మకు ఆ మాట చల్లగా లోపలికి దిగింది. తన పేరు. ఊరి పేరుతో, పని పేరుతో, పాట మొదట్లోనే. ఆమె కొంగు సర్దుకుని, వెన్ను నిటారుగా చేసుకుని కూర్చుంది. ఆ హాయి కాసేపు ఉండనిచ్చి, మూడో పాదాన్ని గుర్తు చేసుకుంది. ‘చెట్టు నీడ’ అన్నాక ఆ పోరి ఒక్క రవ్వ ఆగింది. ఊపిరి తీసుకోవడానికి కాదు. ఆగి, ప్లేటు మీద ఒక్క దెబ్బ వేసి, అప్పుడు ‘ఎరుగనోళ్లకు’ అంది. ఆ ఆగిన చోట వినేవాళ్ల గుండె ముందుకు వంగుతుంది. ఇన్నేళ్లలో భద్రమ్మకు ఆ ఆగడం తట్టలేదు. తన తల్లికి కూడా తట్టలేదు.

గొంతులోనే అని చూసింది. దగ్గు వచ్చి విరిగింది. మళ్లీ అంది. ఆగిన చోటు ముందుకు జరిగింది. పాత మంట మళ్లీ రాజుకుంది. ఈసారి అది శ్రీలత మీద కాదు.

“ఎవలు నేర్పిండ్రే దీనికి!” అని పళ్లు బిగబట్టి, మిర్చి చేతులు చీరకు తుడుచుకుని, ఫోను వైపు చెయ్యి చాచింది. “నువ్వు ఏడుసుడు బంద్ చేసి, ఇంకోపారి పెట్టు.”